ఫ్లూట్ పైకి, క్లారినెట్ కిందికి: శ్రుతి తప్పింది ఎవరిది?

ప్రశ్న: నాకు పదహారేళ్ళు. ఫ్లూట్ వాయిస్తాను. నా స్నేహితురాలు క్లారినెట్ వాయిస్తుంది. ఇద్దరం పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమే నేర్చుకుంటున్నాము. గత ఏడాది యువ కళాకారుల పోటీలో జంట వాద్య విభాగంలో పాల్గొని మొదటి దశలోనే వెనుదిరిగాము. న్యాయనిర్ణేతలు మా పత్రంలో మూడు లోపాలు రాశారు: నెమ్మదిగా సాగే భాగంలో శ్రుతి చెదిరిందని, ఫ్లూట్ కింది స్థాయిలో ఉన్నప్పుడు వినబడలేదని, స్వరాలు ఎత్తుకోవడంలోనూ ముగించడంలోనూ మేమిద్దరం కలవలేదని. అప్పటినుంచి ప్రతి సాధనలోనూ శ్రుతి తప్పింది ఎవరన్న తగువు నడుస్తూనే ఉంది. విడివిడిగా ట్యూనర్ (స్వరం ఎంత హెచ్చుగా, తగ్గుగా ఉందో చూపే పరికరం) ముందు వాయిస్తే ఇద్దరమూ సరిగ్గానే ఉంటున్నాము. మా గురువుగారు టెంపో (నడక వేగం) పెంచమంటున్నారు, ఆమె గురువుగారు తగ్గించమంటున్నారు. ఈసారి బ్రెజిల్ స్వరకర్త విలా-లోబోస్ రాసిన షోరోస్ సంఖ్య 2 వాయిద్దామని ఆమె, 18వ శతాబ్దపు జర్మన్ స్వరకర్త టెలిమన్ కానన్ సొనాటా ఒకటి వాయిద్దామని నేను పట్టుబడుతున్నాము. పోటీకి రెండు నెలల వ్యవధి ఉంది. నేను వేరే భాగస్వామిని చూసుకోవడం మంచిదా? వేదిక మీద శ్రుతి చెదిరితే ఎవరు సర్దుకోవాలి?

సమాధానం: భాగస్వామిని మార్చుకోవద్దు. ఈ మాట స్నేహాన్ని నిలబెట్టడానికి చెప్పడం లేదు. రేపు మరొక క్లారినెట్ విద్వాంసురాలు వచ్చి మీ పక్కన నిలబడినా, నెమ్మది భాగం చివరి వాక్యంలో ఇదే శ్రుతి, ఇదే చోట, ఇదే విధంగా చెదురుతుంది. మీ తగువుకు మూలం మీ ఇద్దరి చెవుల్లో లేదు, మీ రెండు వాద్యాల స్వభావంలో ఉంది. అది ఎలా పనిచేస్తుందో ఇద్దరికీ తెలిస్తే తగువుకు చోటే ఉండదని నా నమ్మకం. అందుచేత ముందు దాని గురించే కొంత వివరంగా చెబుతాను.

ఫ్లూట్‌లో స్వరాన్ని పుట్టించేది పెదవుల మధ్యనుంచి వెళ్ళి రంధ్రపు అంచును తాకే గాలిధార. గట్టిగా ఊదితే ఆ ధార వేగం పెరిగి స్వరం పైకి జరుగుతుంది, మెల్లగా ఊదితే కిందికి జారుతుంది. క్లారినెట్‌లో పని చేసేది రీడ్, అంటే నోటిభాగానికి బిగించే పలచని రెల్లు పలక. అక్కడ గట్టిగా ఊదినప్పుడు స్వరం కొంచెం కిందికి దిగుతుంది, మెల్లగా ఊదినప్పుడు పైకి ఎక్కుతుంది. మెల్లగా వాయించాలన్న ఆత్రంలో దవడ బిగిసిందంటే మరింత ఎక్కుతుంది. అంటే బలం మారిన ప్రతిసారీ మీ ఇద్దరి స్వరాలూ ఎదురెదురు దిక్కుల్లో ప్రయాణం చేస్తున్నాయన్నమాట. ఇప్పుడు మీ నెమ్మది భాగం ముగింపును ఒకసారి ఊహించుకోండి. ఇద్దరూ నిలుపుడు స్వరం మీద ఉన్నారు, స్కోర్‌లో (స్వరాలు రాసిన కాగితంలో) క్రమంగా తగ్గించమని గుర్తు ఉంది, ఇద్దరూ విధేయంగా తగ్గిస్తున్నారు. మీ స్వరం 8 సెంట్లు దిగి, ఆమె స్వరం 8 సెంట్లు ఎక్కితే (ఒక అర్ధస్వరాన్ని 100 భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఒక సెంటు) ఇద్దరి మధ్య 16 సెంట్ల ఎడం వస్తుంది. ఏ ఒక్కరి తప్పూ విడిగా పెద్దది కాదు, అయినా వినేవారికి ఆ ముగింపు పుల్లగా వినబడుతుంది. విడివిడిగా ట్యూనర్ ముందు నిలబడి, ఒకే మధ్యస్థమైన బలంతో ఒక్కొక్క స్వరం వాయించినప్పుడు ఈ ఎడం ఎన్నడూ కనబడదు. అందుకే మీ ఇద్దరికీ ట్యూనర్ మంచి మార్కులు వేస్తోంది.

దీనికి మందు ఇద్దరి దగ్గరా ఉంది, కానీ ఇద్దరిదీ ఒకే మందు కాదు. మీరు బలం తగ్గించేటప్పుడు గాలి వేగాన్ని తగ్గించకూడదు, గాలి పరిమాణాన్ని తగ్గించాలి. పెదవుల మధ్య సందును చిన్నది చేసి, పెదవులను కొద్దిగా ముందుకు తెచ్చి, ధారను కాస్త పైవైపుకు మళ్ళిస్తే స్వరం జారకుండా నిలుస్తుంది. పొట్ట దగ్గర ఆధారం సడలిందంటే ఇవేవీ పనిచేయవు. మీ స్నేహితురాలు బలం తగ్గించేటప్పుడు దవడ బిగించకుండా, గొంతు లోపలి భాగాన్ని విశాలంగా ఉంచి, రీడ్ మీద ఒత్తిడిని ఏ మాత్రమూ పెంచకుండా ఊదాలి. క్లారినెట్‌లో రిజిస్టర్ మారే (కింది స్థాయినుంచి పై స్థాయికి వెళ్ళే) ముందు వచ్చే నాలుగైదు స్వరాలు సహజంగానే పలచగానూ, తరచు కొంచెం హెచ్చుగానూ ఉంటాయి. అక్కడ కుడిచేతి వేళ్ళలో ఒకటి రెండు అదనంగా మూస్తే స్వరం నిండుగా మారి కొద్దిగా దిగుతుంది. ఏ వేళ్ళు మూయాలన్నది ఆమె వాద్యాన్ని బట్టి ఆమె గురువుగారు చూపించవలసిన విషయం.

రోజూ సాధన మొదట్లో ఒక అభ్యాసం చేయండి. ఇద్దరూ ఒకే స్వరాన్ని ఎత్తుకుని, అతి మెల్లగా మొదలుపెట్టి, నిండు బలానికి తెచ్చి, మళ్ళీ మెల్లదనంలోకి దిగండి. ఎనిమిది మాత్రలు పైకి, ఎనిమిది మాత్రలు కిందికి. ట్యూనర్ ఎదురుగా ఉండకూడదు. వినవలసింది రెండు స్వరాల నడుమ పుట్టే అదురును. ఒకరు 440 హెర్ట్జ్ (సెకనుకు 440 కంపనాలు) దగ్గర, మరొకరు 442 దగ్గర ఉంటే సెకనుకు రెండుసార్లు ఆ అదురు వినబడుతుంది. దగ్గరయ్యే కొద్దీ అదురు నెమ్మదించి, కలిసినచోట పూర్తిగా ఆగిపోతుంది. ఈ అభ్యాసంలో ఎవరు తప్పన్న ప్రశ్న అడగకూడదని ముందే నియమం పెట్టుకోండి. అదురు ఆగిందా లేదా అన్నది ఒక్కటే ప్రశ్న.

ఒకే స్వరం కలవడం సులభమైన భాగం. జంట రచనల్లో ఎక్కువభాగం మీరు వేర్వేరు స్వరాల మీద, ముఖ్యంగా మూడో స్వరపు ఎడంలోనూ ఆరో స్వరపు ఎడంలోనూ నడుస్తారు, ట్యూనర్ మిమ్మల్ని మోసం చేసేదీ అక్కడే. ట్యూనర్ చూపే స్వరాలు పియానోకు సరిపడేట్టు స్థాయిని పన్నెండు సమాన భాగాలుగా విభజించినవి. గాలిలో రెండు స్వరాలు అదురు లేకుండా ఒకదానిలో ఒకటి కలిసిపోవాలంటే పెద్ద మూడో స్వరం, అంటే మన అంతర గాంధారం, ట్యూనర్ చూపేదానికంటే దాదాపు 14 సెంట్లు తక్కువగా ఉండాలి. చిన్న మూడో స్వరం దాదాపు 16 సెంట్లు ఎక్కువగా ఉండాలి. పంచమం మాత్రం కేవలం 2 సెంట్లు ఎక్కువ కనుక దాని గురించి దిగులు అక్కరలేదు. బాగా శ్రుతి చేసిన తంబూరాలో మంద్ర షడ్జపు తీగనుంచి తనంత తానుగా పలికే గాంధారాన్ని విన్నవారికి ఈ పద్నాలుగు సెంట్ల సంగతి కొత్తగా అనిపించదు.

మీ రెండు వాద్యాలూ పై స్థాయిలో ఉన్నప్పుడు దీన్ని పరీక్షించుకోవడానికి చక్కని ఉపాయం ఒకటుంది. రెండు బలమైన స్వరాలు కలిసి మోగినప్పుడు వాటి పౌనఃపున్యాల తేడాకు సమానమైన మరో స్వరమొకటి చెవిలో, కింద ఎక్కడో, మెల్లగా గొణిగినట్టు వినబడుతుంది. 18వ శతాబ్దపు వయొలిన్ విద్వాంసుడు తార్తీని పేరుతో దాన్ని పిలుస్తారు. ఒకరు 880 హెర్ట్జ్ మీద, మరొకరు 1100 మీద ఉంటే తేడా 220, అంటే కింది స్వరానికి సరిగ్గా రెండు స్థాయిలు కింద అదే స్వరం. అప్పుడు ఇద్దరు వాయిస్తున్నా ముగ్గురు వాయిస్తున్నట్టుంటుంది. పైనున్నవారు ట్యూనర్ చెప్పినట్టు దాదాపు 1109 దగ్గర వాయిస్తే తేడా 229కి చేరుతుంది. పైన 14 సెంట్ల తప్పు కింద దాదాపు 67 సెంట్ల తప్పుగా, అంటే అర్ధస్వరంలో మూడింట రెండు వంతుల తప్పుగా మారి, వినేవారికి ఏదో తేడాగా ఉందన్న భావన కలుగుతుంది. అది ఏమిటో సామాన్య శ్రోత చెప్పలేకపోవచ్చు కానీ న్యాయనిర్ణేత తప్పక గుర్తిస్తారు. ఇద్దరు ఫ్లూట్ వాద్యకారులు దగ్గరగా నిలబడినప్పుడు ఇది ఇంకా స్పష్టంగా వినబడుతుంది. మీ విషయంలో కొంచెం చెవిపెట్టి వెతకవలసి వస్తుంది.

ఇక్కడినుంచి ఒక పద్ధతి వస్తుంది. ఈ జవాబు మొత్తంలో మీరు తీసుకోవలసింది ఒక్కటే అయితే ఇదే తీసుకోండి. పెన్సిలుతో స్కోర్ ముందు కూర్చుని, నిలుపుడు స్వరాలున్న ప్రతి చోటా ఎవరు నిలబడాలో, ఎవరు కదలాలో రాసుకోండి. మూల స్వరం, పంచమం ఎవరి దగ్గర ఉంటే వారు కదలకుండా నిలబడాలి. మూడో స్వరం ఎవరి దగ్గర ఉంటే వారు సర్దుకోవాలి. ఒక బారులో (స్కోర్‌లో రెండు నిలువు గీతల మధ్య భాగంలో) మీరు నిలబడి ఆమె కదులుతుంది, మరుసటి బారులో అది తిరగబడుతుంది. ఈ నిర్ణయం ముందే జరగకపోతే ఇద్దరూ ఒకేసారి సర్దుకోబోయి ఒకరినొకరు దాటిపోతారు, లేదా ఇద్దరూ తమదే సరైనదని భీష్మించుకుంటారు. గత ఏడాది మీరు ఈ రెండిట్లో ఏది చేశారో మీకే బాగా తెలుస్తుంది. ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోండి. పెద్ద మూడో స్వరం మీ దగ్గర ఉండి, అక్కడే గట్టిగా వాయించమని గుర్తు ఉంటే, వాద్యం మిమ్మల్ని పైకి లాగుతుంది, శ్రుతి మిమ్మల్ని 14 సెంట్లు కిందికి రమ్మంటుంది. అలాంటి చోట్లకు గుండ్రంగా గీసుకుని, వాటిని విడిగా సాధన చేయాలి.

వేడి సంగతి కూడా శ్రుతిలో భాగమే. వాద్యం లోపలి గాలి ఒక డిగ్రీ వేడెక్కితే స్వరం దాదాపు 3 సెంట్లు పైకి పోతుంది. చల్లగా ఉన్న వాద్యానికి శ్రుతి చేసి వేదిక ఎక్కితే రెండో భాగానికల్లా ఇద్దరి స్వరాలూ ఎక్కుతాయి, అదీ ఒకే వేగంతో కాదు. లోహపు ఫ్లూట్ త్వరగా వేడెక్కి త్వరగా చల్లబడుతుంది, చెక్క క్లారినెట్ నిదానంగా వేడెక్కి ఆ వేడిని నిలుపుకుంటుంది. పిలుపు కోసం తెర వెనుక ఎదురుచూస్తున్నప్పుడు శబ్దం చేయకుండా కీలన్నీ మూసి మెల్లగా వెచ్చని ఊపిరి వాద్యంలోకి పంపుతూ ఉండండి. శ్రుతి చూసుకునేటప్పుడు ఒకే ఒక్క స్వరంతో సరిపెట్టకుండా, రచనలో మీరిద్దరూ మొదట కలిసే స్వరాన్నీ, నెమ్మది భాగంలో చివరగా కలిసే స్వరాన్నీ కూడా వాయించి చూసుకోవాలి. పోటీ నియమాల్లో 440 అని ఉందా, 442 అని ఉందా అన్నది పియానో తోడు ఉన్నప్పుడే ముఖ్యం. మీరిద్దరే వాయించేటప్పుడు ఇద్దరూ ఒకచోట ఉండటమే కావలసింది.

న్యాయనిర్ణేతల రెండో ఫిర్యాదు, ఫ్లూట్ వినబడలేదన్నది, మీకు అన్యాయంగా తోచి ఉండవచ్చు. మీరు బహుశా స్కోర్‌లో ఉన్నంత బలంతోనే వాయించి ఉంటారు. కానీ ఫ్లూట్‌కు కింది స్థాయి సహజంగా బలహీనమైనది. క్లారినెట్‌కు కింది స్థాయి నిండైనది, గాఢమైనది. రెండు వరుసల్లోనూ ఒకే మెల్లదనపు గుర్తు ఉన్నా, వినేవారికి అవి సమానంగా చేరవు. ఈ విషయంలో బాధ్యత ఎక్కువగా మీ స్నేహితురాలిదే. వుడ్‌విండ్ వాద్యాలన్నిటిలోనూ దాదాపు వినబడనంత మెల్లగా స్వరాన్ని పుట్టించి నిలపగలిగింది క్లారినెట్. ఆ శక్తిని వాడుకోకుండా ఫ్లూట్‌ను గట్టిగా ఊదమనడం న్యాయం కాదు, ఎందుకంటే మీరు కింద గట్టిగా ఊదితే శ్రుతి ఎక్కడమో, స్వరం చిట్లి పై స్థాయికి దూకడమో జరుగుతుంది. అయితే మీరు మూడో స్థాయిలో ఉన్నప్పుడు లెక్క తారుమారవుతుంది. అక్కడ ఫ్లూట్ మెల్లగా ఉండటం కష్టం కనుక, కింద క్లారినెట్ కొంత ఎక్కువ బలంతో నేలలా నిలబడాలి. స్కోర్‌లోని బలపు గుర్తులు శ్రోతకు ఏం వినబడాలో చెబుతాయే తప్ప ఎవరు ఎంత ఊదాలో చెప్పవని నా అభిప్రాయం.

దీన్ని మీరు నిలబడిన చోటునుంచి తేల్చుకోలేరు. ఫోను మీ స్టాండు మీద పెట్టి రికార్డు చేస్తే అది ఎవరికి దగ్గరగా ఉంటే వారి పక్షం వహిస్తుంది. గది అవతలి చివర, వీలైతే తలుపు బయట పెట్టి, రచన మొత్తాన్ని రికార్డు చేసి, స్కోర్ చేత్తో పట్టుకుని ఇద్దరూ కలిసి వినండి. వినేటప్పుడు మీరు ఆమె వరుసను, ఆమె మీ వరుసను గమనించాలి. తన తప్పు వెతుక్కునే చెవి అవతలివారి స్వరాన్ని సరిగా వినదు.

వరుసల విషయంలో మరో చిన్న అడ్డంకి ఉంది. సాధారణ బి-ఫ్లాట్ క్లారినెట్‌కు రాసిన సి స్వరం బి-ఫ్లాట్‌గా పలుకుతుంది కనుక ఆమె కాగితం మీది స్వరం, మీ కాగితం మీది స్వరం పేర్లలో కలవవు. దీనివల్ల చాలా జంటలు ఒకరి వరుస ఒకరికి తెలియకుండానే వేదిక ఎక్కుతాయి. ఇద్దరి వరుసలూ ఉన్న పూర్తి స్కోర్ నుంచే వాయించండి. అంతకంటే మేలైనది, వారంలో ఒకరోజు మీరు మీ వరుస వాయిస్తుండగా ఆమె తన వరుసను పాడాలి, తర్వాత మీరు పాడాలి. గొంతు బాగుండనవసరం లేదు. ఎక్కడ పాడలేకపోతున్నారో అక్కడ ఆ వరుస మీకు ఇంకా రాలేదని అర్థం.

మూడో లోపం, ఎత్తుకోవడం, ముగించడం. ఎవరు నడిపించాలన్న ప్రశ్నకు జంట వాద్యంలో ఒకే జవాబు ఉండదు. సాధారణంగా ముందు కదిలే వరుస ఎవరిదైతే వారు సైగ చేస్తారు, కనుక అది బారు బారుకూ మారుతుంది, దాన్నీ పెన్సిలుతో రాసుకోవాలి. సైగ అంటే తల ఊపడం కాదు. రాబోయే టెంపోలో, సరిగ్గా ఒక మాత్ర కాలం పట్టే ఊపిరి తీసుకోవడమే అసలైన సైగ. ఆ ఊపిరి నిదానంగా ఉంటే నిదానమైన స్వరం వస్తుంది, చురుకుగా ఉంటే చురుకైనది వస్తుంది. వాద్యపు కదలిక ఆ ఊపిరికి తోడుగా ఒక చిన్న కొస మాత్రమే. సైగ అందుకునేవారు కూడా అదే ఊపిరి తీసుకోవాలి. కళ్ళు మూసుకుని, ఒకరి ఊపిరి మరొకరు విని మొదటి స్వరం ఎత్తుకోవడం సాధన చేస్తే కొద్ది రోజుల్లోనే తేడా కనబడుతుంది. ముగింపుల సంగతి ఇంతకంటే ముఖ్యమైనది, ఎందుకంటే ఆరంభం సరిగా లేకపోతే మరుక్షణం వచ్చే సంగీతం దాన్ని కప్పేస్తుంది, ముగింపు తర్వాత వచ్చే నిశ్శబ్దం దేన్నీ కప్పదు. చివరి స్వరాన్ని ఏ మాత్ర మీద వదలాలో అంకె వేసుకోండి.

ఊపిరి చోట్లను ఫ్లూట్ అవసరాన్ని బట్టి నిర్ణయించండి. పెదవి దగ్గర గాలి బయటికే పోతుంది కనుక మీకు ఊపిరి త్వరగా అయిపోతుంది, రీడ్ అడ్డు ఉన్నందువల్ల ఆమెకు చాలాసేపు నిలుస్తుంది. అంతమాత్రాన మీరు తీసుకున్న ప్రతిచోటా ఆమె కూడా తీసుకోకూడదు. సంగీత వాక్యం ఇద్దరికీ ఒకేచోట ముగిస్తే కలిసి తీసుకోవాలి, మీ వాక్యం మధ్యలో మీకు తప్పనిసరి అయితే అక్కడ ఆమె స్వరం తెగకుండా మోయాలి.

టెంపో విషయంలో మీ ఇద్దరి గురువుల మాటల్లోనూ నిజముంది, వారు వేర్వేరు వాద్యాల వైపునుంచి మాట్లాడుతున్నారు, అంతే. ఫ్లూట్‌లో నాలుక 'తు-కు తు-కు' అని రెండు చోట్లనుంచి కొడుతుంది కనుక తెగిన స్వరాలను అతి వేగంగా వాయించవచ్చు. క్లారినెట్‌లో నాలుక రీడ్‌ను నేరుగా తాకాలి, నోటిలో ఉండేదే వాద్యపు కొస, అందుచేత ఎక్కువమంది ఒకే తాకుడుతో నెట్టుకొస్తారు. కాబట్టి తెగిన స్వరాల భాగంలో ఆమె నాలుక శుభ్రంగా, బిగువు లేకుండా పలికించగలిగిన టెంపోయే మీ ఇద్దరి టెంపో. అంతకంటే వేగంగా వెళ్ళినందువల్ల వచ్చే మెప్పు కంటే, ఇద్దరి స్వరాల పొడవూ ఒకేలా లేకపోవడం వల్ల పోయే మార్కులే ఎక్కువ. పొట్టి స్వరం ఎంత పొట్టిగా ఉండాలన్నది ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలి. ఆమె నాలుక రీడ్ మీదికి తిరిగి వచ్చినప్పుడు స్వరం కోసినట్టు ఆగుతుంది, మీ స్వరం సహజంగా కొద్దిగా మోగి ఆగుతుంది. సాధారణంగా ఆమె కొంచెం పొడిగిస్తే ఇద్దరూ కలుస్తారు. వీలైతే గురువులిద్దరినీ ఒక్కసారి ఒకేచోట కూర్చోబెట్టి వినిపించండి. విడివిడిగా విన్న ఇద్దరు పెద్దల మధ్య మీరు రాయబారం నడపడం కంటే అది వేయి రెట్లు నయం.

ఇక ఏ రచన వాయించాలన్నది. షోరోస్ సంఖ్య 2 ను విలా-లోబోస్ 1924లో ఫ్లూట్, క్లారినెట్ జంట కోసమే రాశాడు. పొట్టిది, చమత్కారమైనది, రెండు వాద్యాల స్వభావాల వైరుధ్యాన్నే సరుకుగా చేసుకున్నది. టెలిమన్ కానన్ సొనాటాలు ఆరు 1738లో ప్యారిస్‌లో అచ్చయ్యాయి. ఒకే వరుసను మొదటివారు ఎత్తుకుంటే రెండోవారు ఒకటి రెండు బార్లు ఆలస్యంగా అదే వరుసను వెంబడిస్తారు. అవి ఒకే రకమైన రెండు వాద్యాలకు ఉద్దేశించినవి. క్లారినెట్ అప్పటికి పుట్టి కొన్ని దశాబ్దాలే అయింది, కనుక మీరు వాయించేది తప్పనిసరిగా మార్పు చేసిన ప్రతి అవుతుంది. మార్పు చేసిన ప్రతులను అనుమతిస్తారో లేదో మీ పోటీ నియమావళిలో ముందు చూడండి. వ్యవధి ఎంతని ఉందో, న్యాయనిర్ణేతలకు అసలు స్కోర్ ఇవ్వాలని ఉందో కూడా చూడండి, ఎందుకంటే ఇలాంటి చిన్న విషయాల మీద తొలగించబడటం కంటే చేదైనది లేదు.

నా ఓటు ఆమె వైపే. మీకు బాధ కలగవచ్చు, కానీ టెలిమన్‌లో మీరు వాయించిన ప్రతి వాక్యాన్నీ మరుక్షణమే ఆమె వేరే రంగు వాద్యం మీద తిరిగి చెబుతుంది. నాలుక తాకుడులో, స్వరం పొడవులో, ఊపిరి చోటులో మీ మధ్య ఉన్న ప్రతి తేడా అద్దంలో చూపినట్టు బయటపడుతుంది. వేదిక మీద అది ప్రమాదం, సాధన గదిలో అదే వరం. కనుక టెలిమన్‌ను వదిలిపెట్టవద్దు. రోజూ ఒక భాగాన్ని నెమ్మదిగా, ఆమె మొదలుపెడుతూ ఒకసారి, మీరు మొదలుపెడుతూ ఒకసారి వాయించండి. ప్రతిసారీ వెనుక ఎత్తుకున్నవారు మొదటివారిని అచ్చుగుద్దినట్టు అనుకరించాలి, తమకు నచ్చకపోయినా సరే. జంట సాధనకు దీనికి మించిన పాఠ్యపుస్తకం నాకు తెలియదు. ఒకవేళ పోటీలో రెండు విభిన్న కాలాల రచనలు అడిగితే, అప్పుడు మాత్రం ఇద్దరి కోరికా తీరుతుంది.

(జంట రచనల లోకం చిన్నదేమీ కాదన్నది మీరు తెలుసుకోవాలి. కూలావ్ ఇద్దరు ఫ్లూట్ వాద్యకారుల కోసం గుట్టలుగా రాశాడు. పూలాంక్ 1918లో రెండు క్లారినెట్ల సొనాటా, 1922లో క్లారినెట్, బసూన్ సొనాటా రాశాడు. మెండెల్సన్ 1832 చివర్లోనూ 1833 మొదట్లోనూ క్లారినెట్ విద్వాంసులైన బేర్మన్ తండ్రీకొడుకుల కోసం క్లారినెట్, బాసెట్ హార్న్ (క్లారినెట్ కుటుంబంలోనే కింది స్వరాల వాద్యం) జంటకు రెండు రచనలు చేశాడు. తండ్రీకొడుకులకు కూడా ఎవరిది ఏ స్వరమన్న తగువు వచ్చే ఉంటుందని నా ఊహ, ఆధారం మాత్రం అడగకండి.)

నిలబడే చోటును చివరివారానికి వదలకండి. ప్రేక్షకులకు ఎడమ చేతివైపు మీరు, కుడి చేతివైపు ఆమె. ఫ్లూట్ మీ కుడివైపుకు, అంటే ఆమెకు దూరంగా చాచుకుంటుంది, మీ ముఖం సహజంగానే కొద్దిగా ఎడమకు తిరిగి ఉంటుంది కనుక ఆమె మీ చూపులో ఉంటుంది. ఇద్దరూ ఒకరివైపు ఒకరు కొంచెం తిరిగి, ప్రేక్షకులకు వీపు చూపకుండా నిలబడండి. స్టాండ్లను రొమ్ము కంటే కిందికి దించండి, ఎత్తైన స్టాండు సైగను, స్వరాన్ని రెండిటినీ అడ్డుకుంటుంది. క్లారినెట్ స్వరం చాలావరకు తెరిచి ఉన్న రంధ్రాలనుంచి వస్తుంది తప్ప కింది చివర ఉండే గంట ఆకారపు భాగం నుంచి కాదు కనుక, వినబడటం కోసం ఆమె వాద్యాన్ని పైకెత్తి పట్టుకోనవసరం లేదు. రీడ్లు మూడు నాలుగు వాడి మెత్తబరచినవి సిద్ధంగా ఉండాలి, పోటీ రోజున కొత్త రీడ్ తీయకూడదు. భాగాల మధ్య తేమ తుడుచుకోవడానికి గుడ్డ స్టాండు మీదే ఉండాలి, కీ కింద చేరిన ఒక్క నీటి చుక్క గుడగుడమన్నా నెమ్మది భాగం పాడవుతుంది.

దారి తప్పితే ఏం చేయాలో కూడా ముందే అనుకోండి. రచనలో ఇద్దరూ కలుసుకోదగిన చోట్లు కొన్ని గుర్తించి, వాటికి అక్షరాలు పెట్టుకుని, ఆ చోట్లనుంచి హఠాత్తుగా మొదలుపెట్టడం సాధన చేయండి. ఒకరు తప్పిపోతే రెండోవారు ఆగకూడదు, వెనక్కి వెళ్ళకూడదు, ముఖంలో ఏమీ చూపకూడదు. తప్పిపోయినవారే తర్వాతి అక్షరం దగ్గర చేరాలి.

మీ చివరి ప్రశ్న, వేదిక మీద శ్రుతి చెదిరితే ఎవరు సర్దుకోవాలన్నది. మూడో స్వరం ఎవరి దగ్గరుంటే వారు అన్నది నిలుపుడు స్వరాలకు చెప్పాను. మొత్తంగా ఇద్దరి శ్రుతీ విడిపోయిందని అనిపించినప్పుడు మాత్రం లెక్క వేరు. ఫ్లూట్ స్వరాన్ని పెదవితో పైకీ కిందికీ కూడా తేలికగా వంచవచ్చు. క్లారినెట్ స్వరాన్ని దవడ సడలించి కిందికి బాగానే దించవచ్చు కానీ, పైకి ఎక్కించడానికి పెదవి దగ్గర మిగిలి ఉండేది చాలా తక్కువ, బలవంతంగా బిగిస్తే స్వరం సన్నబడి కీచుమంటుంది. కనుక క్లారినెట్ హెచ్చుగా ఉంటే ఆమె దిగాలి, క్లారినెట్ తగ్గుగా ఉంటే మీరు దిగాలి. రెండు సందర్భాల్లోనూ ఇద్దరిలో ఎవరు కింద ఉన్నారో వారి దగ్గరికే రెండోవారు వెళ్ళాలి, ఎవరూ పైకి ఎక్కే ప్రయత్నం చేయకూడదు. భాగం ముగిశాక అవసరమైతే మీరు తలభాగాన్ని, ఆమె బ్యారెల్‌ను (నోటిభాగం కింద ఉండే పొట్టి గొట్టాన్ని) కొద్దిగా బయటికి లాగి, తొందరపడకుండా ఒక్క స్వరం మెల్లగా సరిచూసుకుని రెండో భాగం ఎత్తుకోవచ్చు. అందుకు ఏ న్యాయనిర్ణేతా మార్కులు కోయరు.